కాలువలో దొరికిన ఆకు వాటర్‌క్రెస్ కాదు, పొన్నగంటి కూర

మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింది పిల్లకాలువలో దొరికిన ఆకు వాటర్‌క్రెస్ అనే నీటి ఆకుకూర అవునా, దానిని పచ్చిగా తినవచ్చునా అని మీరు అడిగారు. కణుపు కణుపుకూ రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉండి, వాటి మొదట్లో కాడ లేని చిన్న తెల్లని పూలగుత్తులు అంటుకొని ఉన్నాయని మీరు వర్ణించిన తీరును బట్టి, అది మన పొన్నగంటి కూరే. చల్లగా పారే నీటిని కోరుకునే వాటర్‌క్రెస్‌కు ఒకే ఈనె వెంట చిన్న ఆకులు వరుసగా అమరి, కొసన ఉన్నది కొంచెం పెద్దదిగా ఉంటుంది; పువ్వుకు నాలుగు తెల్ల రేకులుంటాయి, నమిలితే ఆవాల ఘాటు తగులుతుంది.

పచ్చిగా మాత్రం దయచేసి తినకండి. పశువులు, గొర్రెలు దిగే నీటిలో నత్తల నుంచి వెలువడే కార్జపు జలగ (కాలేయంలో చేరే పరాన్నజీవి, లివర్ ఫ్లూక్) పిల్లలు నీటి మొక్కలకు గట్టిగా అతుక్కుని ఉంటాయి; ఎంత కడిగినా అవి పూర్తిగా పోతాయన్న భరోసా లేదు, బాగా ఉడికిస్తేనే చస్తాయి. ఈ విషయంలో రెండు మొక్కలకూ తేడా లేదు. పెసరపప్పుతో మెత్తగా ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిర్చితో పోపు పెడితే జొన్నరొట్టెలోకి ఎంతో బాగుంటుంది.

హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ ఒడ్డున కోసిన ఆకునైతే వండి కూడా తినవద్దు, ఎందుకంటే అందులో చేరిన లోహాలు ఉడికించినా పోవు. లేత కాడను రెండు కణుపులతో తుంచి ఇంట్లోనే కుండీలో నాటి, మట్టి ఆరకుండా మంచినీళ్లు పోస్తూ ఉంటే కణుపుల దగ్గర వేళ్లు సులభంగా వస్తాయి.