అమ్మానాన్నలతో, పాపతో దుబాయ్‌లో అయిదు రోజులు: ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా వెళ్లాలా?

హైదరాబాద్ నుంచి భార్య, పదేళ్ల పాప, డెబ్బై దాటిన తల్లిదండ్రులతో కలిసి డిసెంబరు చివరి వారంలో అయిదు రోజులు దుబాయ్ వెళ్లాలనుకుంటున్నామని, రోజుకు నాలుగైదు ప్రదేశాలు చూపిస్తామంటున్న ప్యాకేజీ తీసుకోవచ్చా అని మీరు అడిగారు. నేను కొన్నేళ్లు అక్కడ ఉద్యోగం చేశాను. ఊరి నుంచి వచ్చిన బంధువులను, ముఖ్యంగా పెద్దవాళ్లను, వెంటబెట్టుకుని తిప్పాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: సొంతంగానే వెళ్లండి. అయితే చూడవలసినవాటి జాబితా ముందు పెట్టుకోకుండా, ఆ ఊరు ఎటు నుంచి ఎటు సాగిందో పటంలో చూసుకుని, రోజుకు ఒక వైపు మాత్రమే తిరిగేలా ఏర్పాటు చేసుకోండి.

ముందుగా తేదీల విషయం. నవంబరు నుంచి మార్చి వరకు అక్కడి వాతావరణం హాయిగానే ఉంటుంది కానీ, డిసెంబరు చివరి వారంలో హోటల్ గదుల ధరలు ఆకాశాన్ని అంటుతాయి. 31వ తేదీ రాత్రి బాణసంచా కోసం జనం మధ్యాహ్నం నుంచే బుర్జ్ ఖలీఫా చుట్టూ చేరతారు. సాయంత్రానికి అక్కడి రోడ్లను, ఆ మెట్రో స్టేషన్‌ను మూసివేస్తారు. అర్ధరాత్రి దాటాక ఆ రద్దీలో చాలా దూరం నడిచి బయటపడడం మీ నాన్నగారి వయసువారికి తగిన పని కాదు. పాపకు సంక్రాంతి సెలవులు ఎలాగూ ఉంటాయి కనుక ప్రయాణాన్ని అప్పటికి మార్చుకోవడం మేలు. జనవరిలో పగలు 24, 25 డిగ్రీలు, తెల్లవారుజామున 14, 15 డిగ్రీలు ఉంటుంది. వేసవిలో మూసివేసే మిరాకిల్ గార్డెన్ అనే పూలతోట, పలు దేశాల అంగళ్లు ఉండే గ్లోబల్ విలేజ్ అనే సంత కూడా ఆ నెలలో తెరిచే ఉంటాయి. ఫిబ్రవరికి జరపాలనుకుంటే మాత్రం రంజాన్ ఎప్పుడు మొదలవుతుందో చూసుకోండి. ఆ నెలలో పగటిపూట ఊరి నడక వేరుగా ఉంటుంది, చాలా చోట్ల వేళలు మారిపోతాయి.

దుబాయ్ సముద్రతీరం వెంబడి పొడవుగా పెరిగిన ఊరు. ఒక కొసన క్రీక్ అనే ఉప్పునీటి పాయకు ఇరువైపులా దేరా, బర్ దుబాయ్ అనే పాత పేటలు ఉన్నాయి. నడుమ బుర్జ్ ఖలీఫా ఉంది. నైరుతి దిశగా ఇంకా చాలా దూరం వెళితే మరీనా అనే కొత్త పేట, తాటాకు ఆకారంలో కట్టిన పామ్ జుమేరా దీవి వస్తాయి. మరీనాలో సముద్రం కనిపించే గది ఫొటోలో ఎంత అందంగా ఉన్నా, మీ కుటుంబానికి నేను దాన్ని సూచించను. మెట్రో ఎరుపు, ఆకుపచ్చ మార్గాలు కలిసే బుర్జుమాన్ స్టేషన్‌కు దగ్గరలో, బర్ దుబాయ్‌లో గానీ కరామాలో గానీ గది తీసుకోండి. అద్దె తక్కువ. వీధి దిగితే ఇడ్లీ, దోసె, మధ్యాహ్నం అన్నం, సాంబారు దొరుకుతాయి. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు సగం ప్రయాణం భోజనం మీదే నడుస్తుందని మీకు వేరే చెప్పనక్కరలేదు. గది ధరకు తోడు హోటల్ స్థాయిని బట్టి రాత్రికి 7 నుంచి 20 దిర్హాముల టూరిజం రుసుము అక్కడ కట్టవలసి ఉంటుందని గుర్తుంచుకోండి.

మీరు అయిదుగురు కావడం వల్ల ఒక చిక్కు ఉంది. అక్కడి మామూలు టాక్సీలో నలుగురికి మించి ఎక్కనివ్వరు, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే డ్రైవరు ఒప్పుకోడు. విమానాశ్రయంలో పెద్ద టాక్సీలు ఉంటాయి, అక్కడ ఎక్కితే మీటరు 25 దిర్హాములతో మొదలవుతుంది. ఊళ్లో తిరగడానికి కరీమ్ యాప్‌లో పెద్ద బండి పిలుచుకోవచ్చు, లేదా అందరికీ ముందుగా డబ్బు వేసుకుని వాడే నోల్ ప్రయాణ కార్డులు తీసుకుని మెట్రోలో తిరగవచ్చు. మెట్రోలో తినడం, తాగడం, చూయింగ్ గమ్ నమలడం నిషేధం, జరిమానా 100 దిర్హాములు. మహిళలకు, పిల్లలకు కేటాయించిన పెట్టెలోకి మీరు గానీ నాన్నగారు గానీ పొరపాటున ఎక్కినా జరిమానా పడుతుంది. దుబాయ్ మాల్ స్టేషన్‌లో దిగాక మాల్‌కు చేరే నడవా చాలా పొడవైనది. కదిలే పట్టీలు ఉన్నా మా పెద్దమ్మగారు సగం దారిలో నిలబడి, “ఇది మాల్‌కేనా నాయనా, మళ్లీ ఎయిర్‌పోర్టుకు తీసుకుపోతున్నావా” అని అడిగారు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారిని ఆ ఒక్క చోటికి టాక్సీలోనే తీసుకువెళ్లండి.

ప్యాకేజీల్లో ఒక పూటలో ముగించేసే పాత ఊరికి నేనైతే ఒక రోజంతా ఇస్తాను. ఉదయం బర్ దుబాయ్‌లోని అల్ ఫాహిదీ అనే పాత పేట సందుల్లో నడవండి. ఇళ్ల మీద నలువైపుల గాలినీ పట్టి కింది గదిలోకి దింపే బర్జీల్ గోపురాలు కనిపిస్తాయి. కరెంటు లేని కాలంలో ఆ ఎండల్లో మనుషులు ఎలా బతికారో పాపకు చూపించడానికి వాటికి మించినవి లేవు. అక్కడి నుంచి బట్టల బజారు మీదుగా రేవుకు వచ్చి అబ్రా అనే చెక్కపడవ ఎక్కితే, మనిషికి ఒక్క దిర్హాముతో అవతలి దేరా ఒడ్డుకు చేరవచ్చు. అక్కడ సుగంధ ద్రవ్యాల బజారు, బంగారం బజారు ఉన్నాయి. 1966లో చమురు దొరకక ముందు ఈ ఊరి జీవనమంతా ఈ పాయ మీదే సాగింది. అప్పట్లో అక్కడ చెల్లిన డబ్బు మన రూపాయే. 1959లో గల్ఫ్ కోసం మన రిజర్వ్ బ్యాంకు ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది, 1966లో రూపాయి విలువ తగ్గించాక వాటిని వదులుకున్నారు. నాన్నగారికి ఆకాశహర్మ్యాల కన్నా ఈ సంగతే ఎక్కువ నచ్చవచ్చు. సెలవు రోజు సాయంత్రం దేరా వీధుల్లో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, గోదావరి జిల్లాల తెలుగు చెవినబడుతుంది. అమ్మగారు ఎవరినో ఒకరిని పలకరించకుండా ఉండలేరు, ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

828 మీటర్ల బుర్జ్ ఖలీఫాకు 124, 125 అంతస్తుల టికెట్ చాలు. సూర్యాస్తమయ వేళ టికెట్ ధర బాగా ఎక్కువ, కాబట్టి ఉదయం వేళకు ముందుగానే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. సాయంత్రం ఆ భవనం ముందున్న ఫౌంటెన్‌ను కింద నిలబడి చూడడానికి రుసుము లేదు, పక్కనే ఉన్న దుబాయ్ మాల్‌లోని పెద్ద చేపల తొట్టిని కూడా బయటి నుంచి ఉచితంగానే చూడవచ్చు. అమ్మానాన్నలకు ఒక్క ఎత్తయిన చోటు చాలనుకుంటే నేను జబీల్ పార్కులోని పటం చట్రం ఆకారంలో ఉన్న 150 మీటర్ల దుబాయ్ ఫ్రేమ్‌నే ఎంచుకుంటాను. ధర తక్కువ, పైగా ఒక వైపు పాత ఊరు, మరో వైపు కొత్త ఊరు కనిపిస్తాయి.

ఎడారి సఫారీని ఏజెంటు ద్వారానే తీసుకోవాలి. చక్రాల్లో గాలి తగ్గించి ఇసుక తిన్నెల మీద బండిని ఎత్తి పడేసే ఆ విన్యాసం పాపకు ఆనందమే కానీ, నడుము నొప్పి, గుండె జబ్బు ఉన్నవారికి ప్రమాదం. పెద్దవాళ్లను రోడ్డు మీదుగా నేరుగా శిబిరానికి చేర్చే వేరే బండి ఇస్తారో లేదో డబ్బు కట్టక ముందే రాతపూర్వకంగా అడగండి. “మెల్లగా నడిపిస్తాం లెండి” అనే హామీని నమ్మవద్దు.

మరో రోజు ఏడు సీట్ల బండి మాట్లాడుకుని, సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని అబుధాబికి వెళ్లి రండి. షేక్ జాయెద్ మసీదుకు ప్రవేశం ఉచితమే, ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు చేసుకోవాలి. ఆడవాళ్లు తల కప్పుకోవాలి, అందరూ ఒళ్లంతా కప్పే వదులు దుస్తులు వేసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన స్వామినారాయణ మందిరాన్ని అదే ప్రయాణంలో చూడవచ్చు. మిగిలిన ఒక రోజులో ఉదయం ఖాళీగా ఉంచుకుని, సాయంత్రం పాప అడిగిన చోటికి వెళ్లండి.

వీసాను విమానయాన సంస్థ గానీ ఏజెంటు గానీ ఇప్పిస్తారు, పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. సామాను సర్దేటప్పుడు రెండు విషయాల్లో జాగ్రత్త పడండి. గసగసాలు అక్కడ నిషిద్ధం, కాబట్టి అవి కలిపిన ఇంటి మసాలా పొడులను కూడా వెంట తీసుకువెళ్లవద్దు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలకు అక్కడి ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి కావాలి. మిగతా మందులకైనా డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోండి. వాట్సాప్‌లో సందేశాలు వెళతాయి కానీ మామూలుగా కాల్స్ కలవవు, ఇంటివాళ్లకు ఆ సంగతి చెప్పి బయలుదేరితే కంగారుపడరు.

చివరగా బంగారం. అక్కడి ధర చూసి ఆశపడే ముందు ఒక నియమం తెలుసుకోండి: నగలపై మన కస్టమ్స్ ఇచ్చే సుంకం మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగి వచ్చేవారికి మాత్రమే వర్తిస్తుంది, అయిదు రోజుల యాత్రికులకు కాదు. కొన్న నగకు ఇక్కడ సుంకం కట్టాలి, తరుగు, మజూరీ అక్కడా ఉంటాయి. ఈ లెక్క కలిపి చూసుకున్నాకే అమ్మగారితో బంగారం బజారులోకి అడుగు పెట్టండి.