చవక పాలసీయా, నిలిచే పాలసీయా: స్థిర జీతం లేని కుటుంబానికి ఆరోగ్య బీమా

ప్రశ్న: మాది తిరుపతిలోని కొర్లగుంట. నాకు 34 ఏళ్ళు. పెళ్ళిళ్ళ సీజన్లో వీడియో ఎడిటింగ్ చేస్తాను, ముహూర్తాలు లేని నెలల్లో ఒక యాప్ తరఫున ఫుడ్ డెలివరీకి వెళ్తాను. ఒక నెల 45 వేలు వస్తే ఇంకో నెల 15 వేలు కూడా రావు. భార్యకు 30, పాపకు 6 ఏళ్ళు. అమ్మకు 63, తొమ్మిదేళ్ళుగా షుగరు మాత్రలు వాడుతోంది. రైస్ కార్డు ఉంది. మా ముగ్గురికీ కలిపి ఒకే 5 లక్షల బీమా ఉండే ఫ్లోటర్ పాలసీలు రెండింటిని ఏజెంటు చూపించారు. ఒకదానికి ఏడాదికి 11,500 రూపాయలు, రెండోదానికి 15,200. మొదటిది చాలంటున్నారు. ఇంకొంత కడితే అమ్మను కూడా అందులోనే చేర్చవచ్చట, షుగరు సంగతి ఫారంలో రాయనక్కర్లేదట. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ చివరి సందేహానికే జవాబు చెబుతాను, ఎందుకంటే అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది అదే. అమ్మగారి షుగరు సంగతిని, వాడుతున్న మాత్రల పేర్లతో సహా, ప్రపోజల్ ఫారంలో తప్పకుండా రాయండి. తొమ్మిదేళ్ళుగా వాడుతున్న మందుల వివరం ఆసుపత్రిలో చేరిన మొదటి రోజే కేస్ షీటులోకి ఎక్కుతుంది, ఆ కేస్ షీటు క్లెయిముతో పాటు బీమా కంపెనీకి చేరుతుంది. దాచినట్టు తేలితే క్లెయిమును తిరస్కరించడమే కాదు, పాలసీనే రద్దు చేయవచ్చు. వరుసగా ఐదేళ్ళు పాలసీ నడిచాక కంపెనీ పాత వివరాలు తవ్వకూడదన్న నియమం ఉన్నమాట నిజమే కానీ, మోసం రుజువైతే ఆ రక్షణ వర్తించదు. నిజం రాస్తే జరిగేదల్లా ప్రీమియం కొంత పెరగడం, షుగరుకూ దాని వల్ల వచ్చే జబ్బులకూ కొంతకాలం వేచి ఉండవలసి రావడం. ఈ వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ళు మించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిర్ణయించింది. అంతకుముందు అది నాలుగేళ్ళు ఉండేది.

ఇక రెండు పాలసీల సంగతి. మీరు పంపిన కాగితాల ప్రకారం 11,500 పాలసీలో గది అద్దె రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, అంటే 5,000 రూపాయలకు పరిమితం. పైగా తిరుపతి చిరునామాతో తీసుకున్నవారు చెన్నై, బెంగళూరు వంటి నగరాల్లో చికిత్స చేయించుకుంటే 20 శాతం సొంతంగా కట్టుకోవాలన్న కో-పే షరతు ఉంది. 15,200 పాలసీలో ఈ రెండూ లేవు. స్విమ్స్, రుయా, బర్డ్ వంటి ఆసుపత్రులు ఊళ్ళోనే ఉన్నా, పెద్ద జబ్బు అనగానే తిరుపతి, చిత్తూరు వాళ్ళం వేలూరు సీఎంసీ ఆసుపత్రికో చెన్నైకో బయలుదేరుతాం. అందువల్ల ఊళ్ళను జోన్లుగా విడదీసి పెట్టే, ఇతర ఊళ్ళవారు పెద్దగా పట్టించుకోని ఈ షరతు మన ప్రాంతం వారికి చాలా ముఖ్యమైనది. వేలూరు ఏ జోన్ కిందికి వస్తుందో కూడా కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

లెక్క వేసి చూద్దాం. మీ భార్యకు చెన్నైలో శస్త్రచికిత్స జరిగిందనీ, రోజుకు 8,000 రూపాయల గదిలో ఐదు రోజులు ఉన్నారనీ అనుకోండి. బిల్లు 2,60,000 అయింది. అందులో గది అద్దె 40,000, డాక్టర్ల ఫీజులు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు కలిపి 1,60,000, మందులు, పరీక్షలు 60,000. మొదటి పాలసీ గది అద్దెలో 25,000 మాత్రమే ఇస్తుంది. అంతటితో ఆగదు. గది అద్దెలో ఎనిమిదింట ఐదు వంతులే ఇచ్చింది కాబట్టి డాక్టర్ల ఫీజుల వంటి ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో కోసి, 1,60,000కు గాను లక్ష ఇస్తుంది. మందులు, పరీక్షల మీద ఇలాంటి కోత పెట్టకూడదన్న నియమం ఉంది కాబట్టి ఆ 60,000 పూర్తిగా వస్తుంది. మొత్తం 1,85,000. అందులోంచి 20 శాతం కో-పే తీసేస్తే చేతికి వచ్చేది 1,48,000, మీరు అప్పు చేసి కట్టవలసింది 1,12,000. రెండో పాలసీ అయితే గ్లవ్స్ వంటి చిల్లర సామగ్రి ఖర్చు తప్ప దాదాపు బిల్లంతా చెల్లిస్తుంది. రెండు ప్రీమియంల మధ్య తేడా ఏడాదికి 3,700. ఆ తేడాను ముప్పై ఏళ్ళు పొదుపు చేస్తే కానీ ఈ ఒక్క బిల్లులో పోయే డబ్బు సమకూరదు. నా అభిప్రాయంలో మీరు 15,200 పాలసీయే తీసుకోవాలి.

అమ్మగారిని అందులో చేర్చవద్దు. ఫ్లోటర్ ప్రీమియాన్ని ఇంట్లో అందరికంటే పెద్దవారి వయసును బట్టి లెక్కిస్తారు. దానికి తోడు ఆమెకు ఒక్కసారి చికిత్స జరిగితే ఆ ఏడాది మీ ముగ్గురికీ మిగిలేది తక్కువ. ఆమెకు విడిగా పాలసీ తీసుకోండి. అది భారమనిపిస్తే అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీని చూడండి. అందులో 5 శాతం కో-పే, గది అద్దెకు రోజుకు 5,000 మించని పరిమితి ఉన్నాయి. ఊళ్ళోనే చికిత్స తీసుకునే పెద్దవారికి ఆ పరిమితులు పెద్ద ఇబ్బంది కాదు.

రైస్ కార్డు ద్వారా అందే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనమంతా ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే పథకం, మీ కుటుంబానికి నిజంగా పెద్ద అండ. గుండె, కిడ్నీ వంటి ఖరీదైన చికిత్సలకు ముందుగా దాన్నే వాడుకోండి. అయితే అది జాబితాలోని చికిత్సలకు, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో మాత్రమే వర్తిస్తుంది. పైగా మీ ఆదాయం పెరిగి అర్హత పోయిననాడు కొత్తగా పాలసీకి వెళ్తే అప్పటికి వయసూ పెరుగుతుంది, వెయిటింగ్ పీరియడ్ మొదటి నుంచి మొదలవుతుంది. సొంత పాలసీ ఇప్పుడే కావాలని అనడానికి నాకున్న బలమైన కారణం ఇదే.

మీ వంటి వారి పాలసీలు ఆగిపోయేది ఎక్కువగా రెన్యువల్ దగ్గరే. ఆషాఢంలోనో మూఢంలోనో గడువు పడితే చేతిలో డబ్బు ఉండదు. రెన్యువల్ తప్పి, గడువు దాటాక కట్టడానికి ఇచ్చే అదనపు రోజులు, అంటే గ్రేస్ పీరియడ్ కూడా దాటితే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ అంతా వృథా అవుతుంది. ఏడాదికోసారి కట్టే పాలసీలకు ఈ గ్రేస్ 30 రోజులు, నెలవారీ వాయిదాలకు 15 రోజులు. చాలా కంపెనీలు నెలవారీ, మూడు నెలల వాయిదాలు ఇస్తున్నా, మీ విషయంలో నేను వాటిని సూచించను, ఎందుకంటే డబ్బు లేని నెలలో ఒక్క వాయిదా బ్యాంకులో తిరిగి వచ్చినా చిక్కే. సీజన్ డబ్బు వచ్చిన వెంటనే 15,200ను వేరే ఖాతాలో పక్కన పెట్టి, ఏడాదికి ఒకేసారి కట్టండి. అలాగని మంచి నెల కోసం ఎదురుచూస్తూ కొనడం వాయిదా వేయకండి. ప్రమాదాలకు తప్ప మిగతా జబ్బులకు తొలి 30 రోజులు ఎలాగూ కవరేజి ఉండదు.

డెలివరీ పని గురించి ఫారంలో దాచకుండా రాయండి. యాప్ ఇచ్చే ప్రమాద బీమా డ్యూటీలో లాగిన్ అయి ఉన్నప్పుడే వర్తిస్తుందా, మామూలు సమయంలో కూడానా అన్నది చూసుకోండి. కాలు విరిగి రెండు నెలలు ఇంట్లో కూర్చుంటే ఆరోగ్య బీమా ఆసుపత్రి బిల్లు కడుతుందే తప్ప ఇంటి ఖర్చులకు ఏమీ ఇవ్వదు. అందుకని వారానికి ఇంత అని పరిహారం ఇచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ ఒకటి తీసుకోవడం మంచిది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకే దొరికే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో కూడా చేరండి. అయితే అది మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమేనని గుర్తుంచుకోండి.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, కాబట్టి ఏజెంటు చెప్పిన ధరలో 18 శాతం పన్ను కలిసి ఉందేమో అడగండి. పాలసీ చేతికి వచ్చాక పేర్లు, పుట్టిన తేదీలు, జోన్, కో-పే, అమ్మగారి పాలసీలో షుగరు ప్రస్తావన సరిగ్గా ఉన్నాయో లేదో ఆ వారంలోనే చదివి చూసుకోండి. ఏజెంటు నోటితో చెప్పింది కాగితం మీద లేకపోతే, అందిన 30 రోజుల్లోపు పాలసీని వెనక్కి ఇచ్చేయవచ్చు. అప్పటివరకు అయిన కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బు తిరిగి ఇస్తారు.