నిలబడి వాయించే మాండలిన్‌కు బెల్టు ఎక్కడ కట్టాలి?

ఆమదాలవలస నుంచి మీరు అడిగిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ దగ్గర ఉన్నది వెనుకభాగం చదునుగా ఉండే ఎనిమిది తీగల మాండలిన్ అని, దాని అడుగున ఒక గుండీ ఉన్నప్పటికీ మెడ వైపు బెల్టు తగిలించడానికి ఏమీ లేదని, భజనలో గంటసేపు నిలబడి వాయించేసరికి ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతోందని రాశారు. బెల్టును మాండలిన్ తలకు, అంటే తీగలు బిగించే బిరడలు ఉండే పై కొసకు, కడితే దాని మెడ వంగిపోతుందని ఒకరు, మెడ మొదట్లో స్క్రూ దించితే పెట్టె పగులుతుందని మరొకరు మిమ్మల్ని హెచ్చరించారని కూడా రాశారు. ఈ రెండు పద్ధతులూ నేను విజయనగరంలో నా సొంత వాద్యం మీద చేసి చూసినవే కాబట్టి, తెలిసినంత వరకు వివరంగా చెబుతాను.

ముందుగా సూటి సమాధానం: ఈరోజే ఒక గట్టి బూటు నాడాతో బెల్టు పై కొసను తలకు కట్టండి, ఒక నెలపాటు అలాగే వాయించండి, స్క్రూ సంగతి ఆ తరువాత ఆలోచించండి. అయితే బెల్టు తగిలించే ముందు అడుగున ఉన్న గుండీని పరీక్షించడం మాత్రం మరచిపోవద్దు.

మీ నొప్పికి కారణం మాండలిన్ బరువు కాదు. మామూలు మాండలిన్ ఒక కిలో అటూ ఇటూ మాత్రమే తూగుతుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, స్వరం నొక్కవలసిన చెయ్యే వాద్యాన్ని మోయవలసి రావడం. మెడ జారిపోకుండా బొటనవేలు, అరచెయ్యి దానిని బిగించి పట్టుకుంటాయి, ఆ బిగింపు వల్ల వేళ్ళు మెట్ల మీద స్వేచ్ఛగా కదలలేవు, జంట తీగలను నొక్కడానికి మామూలుగానే ఎక్కువ బలం కావాలి కనుక నొప్పి త్వరగా మొదలవుతుంది. మన కర్ణాటక వయొలిన్ విద్వాంసులు నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించుకోవడం మీరు చూసే ఉంటారు. వాద్యం భారమంతా పాదానికీ భుజానికీ అప్పగించడం వల్లనే వారి ఎడమ చెయ్యి గమకాల కోసం పైకీ కిందికీ అంత సులువుగా జారుతుంది. 1919లో మొదలైన మా ఊరి సంగీత కళాశాల పుణ్యమా అని ఇక్కడ పుట్టి పెరిగిన వారికి ఈ దృశ్యం చిన్నప్పటి నుంచీ పరిచయమే, అయినా మాండలిన్‌కు కూడా అదే సూత్రం వర్తిస్తుందని నాకు తోచడానికి చాలాకాలం పట్టింది.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు బెల్టు లేకుండానే వాయించారు కదా అని మీరు అడగవచ్చు. ఆయన కర్ణాటక కచేరీ పద్ధతిలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. వాద్యం ఒడిలో ఆనుకుని ఉండేది, పైగా అది ఐదు ఒంటి తీగలతో అమర్చుకున్న విద్యుత్ మాండలిన్. మీరు నిలబడి, పక్కన తాళాలు, డోలక్కు మోగుతుండగా, ఎనిమిది తీగల వాద్యాన్ని మోస్తూ వాయిస్తున్నారు. నిలబడిన మనిషికి ఒడి ఉండదు, ఆ ఒడి చేసే పనిని బెల్టు చేయాలి.

ఇక అడుగు గుండీ విషయం. పదేళ్ళ క్రితం నేను ఒకరి దగ్గర పాతది కొనుక్కున్న మాండలిన్‌కు అడుగున నల్లటి చెక్క గుండీ ఉండేది. దానికి స్క్రూ లేదు. కాడ కొస వైపు సన్నబడుతూ వచ్చిన గుండీని రంధ్రంలోకి బిగించి పెట్టారు, అంతే. వానాకాలంలో కొన్నప్పుడు అది కదలకుండా ఉంది, నేను కూడా రెండోసారి చూడలేదు. ఎండలు ముదిరి చెక్క ఆరే సరికి గుండీ వదులయింది. ఆ ఏడు శ్రీరామనవమి పందిరిలో, కల్యాణం ముగిసి హారతి పాట ఎత్తుకున్న సమయంలో, బెల్టుతో పాటు గుండీ ఊడి వచ్చేసింది. మెడ నా ఎడమ చేతిలోనే ఉంది గాని, పెట్టె అడుగు అంచు హార్మోనియం పెట్టె మూలకు తగిలి, సుమారు రెండు అంగుళాల మేర అతుకు విడిపోయింది. దానిని జిగురుతో అతికించగలిగాం, నాదం చెడలేదు, కాని ఆ గీత నేటికీ కనిపిస్తుంది. పాట ఆగిపోయిన ఆ క్షణం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, అందుకే ఈ విషయాన్ని ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

మీ గుండీని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా తిప్పుతూ బయటకు లాగి చూడండి. ఏమాత్రం తిరిగినా దానికి బెల్టు తగిలించవద్దు. స్క్రూ గుండీ అయితే బిగిస్తే సరిపోతుంది. బిగింపు గుండీ అయితే, దానిని తీసే ముందు తీగలన్నింటినీ కొంచెం కొంచెంగా వదులు చేయాలి, ఎందుకంటే కొన్ని మాండలిన్లలో తీగలు తగిలించే రేకును పట్టి ఉంచే వాటిలో ఆ గుండీ కూడా ఒకటి. తీసిన తరువాత గుండీ కాడకు పలుచని కాగితం ఒక చుట్టు చుట్టి, చెక్క జిగురు కొద్దిగా రాసి, తిప్పుతూ లోపలికి నొక్కి, ఒక రోజంతా ఆరనివ్వాలి. రంధ్రమే పెద్దదయిపోతే కాగితంతో సరిపెట్టకుండా, కొత్త చెక్క పిన్ను చేయించడం మంచిది.

తలకు కట్టడం చాలా తేలిక. తలకూ మొదటి మెట్టుకూ మధ్య, తీగలు ఆనే సన్నని పట్టీ ఒకటి ఉంటుంది కదా, దానికి పైన, బిరడలకు కింద, తీగల అడుగున ఖాళీ ఉంటుంది. నాడా కొసన ఉండే గట్టి ప్లాస్టిక్ ముక్కను సూదిలాగా ఆ ఖాళీలోంచి దూర్చితే తీగలు విప్పవలసిన అవసరమే ఉండదు. నాడాను మెడ వెనుకగా చుట్టి తెచ్చి, మీ గడ్డం వైపు ఉండే అంచు దగ్గర ముడి వేసి, ఆ ముడికి బెల్టు కొసను తగిలించండి. నాడా తీగలను కింది నుంచి తాకకూడదు. బెల్టు వేలాడుతున్న స్థితిలోనే, నిలబడి, శ్రుతి చేసుకోండి.

మెడ వంగుతుందన్న భయానికి ఆధారం లేదు. శ్రుతి చేసిన ఎనిమిది తీగలు కలిసి ఆ మెడను 60 కిలోలకు పైబడిన బలంతో రాత్రింబవళ్ళు లాగుతూనే ఉంటాయి, దానిని తట్టుకునేలాగే మెడను తయారు చేస్తారు. బెల్టు వల్ల దాని మీద పడేది కిలో బరువున్న వాద్యంలో ఒక వంతు మాత్రమే.

తలకు కట్టడంలో ఉన్న నిజమైన ఇబ్బంది వేరు. మొదటి మెట్టు మీద చూపుడువేలు పెట్టినప్పుడు బెల్టు చేతి పక్కకు తగులుతుంది. పాటల్లో మీరు మొదటి రెండు మెట్లనే ఎక్కువగా వాడేవారైతే ఇది చికాకు కలిగిస్తుంది. నాకు కలిగింది. నెల తరువాత కూడా ఆ చికాకు తగ్గకపోతేనే మెడ మొదటికి, అంటే మెడ పెట్టెతో కలిసే చోట ఉండే మందపాటి మడమకు, గుండీ పెట్టించే ఆలోచన చేయండి. పెట్టె పగులుతుందని మీకు చెప్పిన వారి మాటలో సగం నిజముంది. పెట్టె పక్క చెక్కల మందం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, అక్కడ స్క్రూ దించితే పగలడమో, కొన్నాళ్ళకు ఊడిరావడమో తప్పదు. మడమ మాత్రం నిండు కర్ర.

ఆ పనికి నేను మాండలిన్‌ను బొబ్బిలి దగ్గరి గొల్లపల్లికి, ఒక వీణల పనివారి ఇంటికి తీసుకువెళ్ళాను. ఒకే పనస దుంగను తొలిచి, అతుకు లేని ఏకాండి వీణ చేసే చేతులకు కర్ర స్వభావం తెలిసినంతగా మరెవరికీ తెలియదని నా నమ్మకం. ఆ పెద్దాయన ముందుగా మాండలిన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, చూపుడువేలి గోటితో పెట్టె పక్క నుంచి మడమ వరకు వరసగా తట్టుకుంటూ వచ్చారు. బోలుగా మోగిన శబ్దం ఒక్కసారిగా మొద్దుబారిన చోట పెన్సిలుతో చుక్క పెట్టి, "ఇక్కడి నుంచి నిండు కర్ర బాబూ, ఇంతకి ఇవతల పెడితే సీలిపోద్ది" అన్నారు. ఆ తరువాత ఫోను లైటు వేయించి, పెట్టె రంధ్రంలోంచి లోపలి దిమ్మను కూడా చూశారు. గుండీని మడమ వెనుక భాగాన కాకుండా, వాయించేటప్పుడు పైకి ఉండే పక్కన, అతుకుకు ఒక సెంటీమీటరు దూరంలో పెట్టాలని నిర్ణయించారు, ఎందుకంటే వెనుక పెడితే వాద్యం ముఖం ముందుకు వాలి, మనకు మెట్లు కనిపించవు.

స్క్రూ మందం మూడున్నర మిల్లీమీటర్లు కాబట్టి రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రం చేశారు, లోతు 20 మిల్లీమీటర్లు దాటకుండా బరమా మొనకు రంగు కాగితం చుట్టి గుర్తు పెట్టుకున్నారు. స్క్రూ మరలను సబ్బు బిళ్ళ మీద రుద్ది, కర్ర చప్పుడు వింటూ, సగం తిప్పి వెనక్కి, మళ్ళీ ముందుకు, అలా నెమ్మదిగా దించారు. గుండీకీ కర్రకూ మధ్య మెత్తని ఉన్ని గుడ్డ బిళ్ళ పెట్టారు. పని మొత్తం అరగంట కూడా పట్టలేదు, అందులో రంధ్రం చేయడానికి పట్టినది రెండు నిమిషాలే. మీ మాండలిన్ మడమ మందం కొలవకుండా నేను చెప్పిన లోతును అనుసరించవద్దు. మెడను బోల్టుతో బిగించిన రకాలు కూడా ఉంటాయి కాబట్టి, లోపల ఇనుము ఉన్నదేమో లైటు వేసి తప్పక చూడండి.

మడమకు మార్చిన తరువాత ఒక తేడా గమనించాను. బెల్టు తలకు ఉన్నంతకాలం రెండు చేతులూ వదిలేసినా వాద్యం కదలలేదు, మడమకు మార్చాక తల మెల్లగా కిందికి వాలడం మొదలుపెట్టింది. బిరడల బరువంతా తలలోనే ఉండటం దీనికి కారణం. జారని బెల్టు వాడితే ఆ వాలుడు చాలావరకు ఆగుతుంది. నున్నని నైలాన్ బెల్టు చొక్కా మీద జారిపోతుంది కనుక, నేను మంచానికి అల్లే నూలు నవారును నిలువుగా మడిచి, ఒకటిన్నర అంగుళం వెడల్పు వచ్చేలా కుట్టించాను. దాని గరుకుదనం భుజాన్ని పట్టుకుంటుంది, చెమట పీల్చుకుంటుంది, మాసితే ఉతుక్కోవచ్చు. కొసలకు మాత్రం మందమైన తోలు కావాలి. చెప్పులు కుట్టే ఆయన చేత గుండీ కాడ పట్టేంత రంధ్రం వేయించి, దాని నుంచి బెల్టు లోపలి వైపుకు ఒక సెంటీమీటరు చీలిక పెట్టించాను. ఆ చీలిక కొస వైపుకు ఉండకూడదు, బరువు పడేది అటువైపే కాబట్టి గుండీ జారి బయటకు వచ్చేస్తుంది. మన కోస్తా తేమకు తోలు బూజు పడుతుంది, వానాకాలంలో వారానికి ఒకసారి పొడి గుడ్డతో తుడవండి. రబ్బరు, ప్లాస్టిక్ బెల్టులను వాద్యం మీద ఆనించి, దానిని దాచే పెట్టెలో మూసి పెట్టవద్దు, కొన్ని రకాల వార్నీషు వాటికి అంటుకుని మచ్చ పడుతుంది.

బెల్టును జంధ్యం సవ్యంగా వేసుకున్నట్లు ఎడమ భుజం మీదుగా కుడి చెయ్యి కిందికి వేసుకుంటే వాద్యం స్థిరంగా ఉంటుంది. కొందరు కుడి భుజానికి మాత్రమే తగిలించుకుంటారు, త్వరగా తీయవచ్చు గాని కదలిక ఎక్కువ. పొడవు సరిచూసుకోవడానికి ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని, మీకు అలవాటైన చోట వాద్యాన్ని పెట్టుకుని, బెల్టు అక్కడే బిగువయ్యేలా సరిచేయండి. తరువాత లేచి నిలబడండి. వాద్యం ఛాతీ కింద అదే ఎత్తులో ఉండి, దాని తల పెట్టెకంటే కొంచెం పైకి ఉంటే పొడవు సరిపోయినట్లే. ఇప్పుడు ఎడమ చెయ్యి పూర్తిగా వదిలేసి, కుడి చేత్తో, మెట్ల మీద నొక్కకుండా వదిలిన తీగల మీద నాలుగు తాళాలు వాయించండి. వాద్యం పెద్దగా కదలకపోతే మీ బొటనవేలికి ఇక మోసే పని లేదు. వాలిపోతే బెల్టును ఒక అంగుళం కుదించి మళ్ళీ చూడండి.

మీ బృందంలో మరొకరి దగ్గర గుండ్రటి బొర్ర మాండలిన్ ఉందని ప్రశ్న చివర రాశారు. అది పొట్ట మీద దొర్లుతుంది కాబట్టి దానికి బెల్టు మరీ అవసరం, కాని దాని బొర్ర పలుచని చీలికలను అతికించి చేసినది, దాని మీద ఎక్కడా స్క్రూ పెట్టవద్దని ఆయనకు తప్పక చెప్పండి. తలకు నాడా కట్టి, అడుగు గుండీని పైన చెప్పినట్లే పరీక్షించి, బొర్రకూ చొక్కాకూ మధ్య ఒక గరుకు నూలు గుడ్డ పెట్టుకుంటే ఆయనకు సరిపోతుంది.