లడ్డూ గాల్లోకి లేవాలంటే

ప్రశ్న: ఉగాదికి మా అపార్ట్‌మెంట్ పిల్లలతో ‘మాయాబజార్’లోని ఘటోత్కచుడి విందు సన్నివేశం చేయిస్తున్నాం. లడ్డూలు వాటంతటవే నోటికి వెళ్తున్నట్టు ఫోన్‌తో తీయొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: నిక్షేపంగా తీయొచ్చు. 1957లో ఆ సినిమా కెమెరామన్ మార్కస్ బార్ట్లీ చేతిలో ఎడిటింగ్ యాప్ లేదు, మీకుంది. లడ్డూ నోట్లోంచి పళ్లెంలో పడేలా తీసి, వీడియోని రివర్స్ చేయండి. పళ్లెం గడ్డానికి మూరెడు కింద ఉంటే చాలు. సెకనుకు 60 ఫ్రేములతో తీసి 30తో, అంటే సగం వేగంతో, చూపండి, లేకపోతే లడ్డూ కంటికి ఆనదు.

బూందీ లడ్డూ మాత్రం వద్దు. రాలిన పలుకులన్నీ తిరిగి నోట్లోకి ఎగిరొస్తాయి, చూడ్డానికి రోత. నిమ్మకాయంత నువ్వుండ రాలదు. నలుపు-తెలుపులో పెడితే రంగు తేడా తెలీదు. ముందుపళ్లతో పట్టి వదలాలి. పళ్లెంలో తడి తువ్వాలు మడిచి వేయండి, ఉండ ఎగిరి పడకుండా. నమలడం విడిగా, మామూలుగా తీసి అతికించండి.

ఫ్రేములో అగరొత్తి వద్దు: పొగ కిందికి దిగి గుట్టు రట్టవుతుంది. మేడమీద కూడా తీయకండి, సముద్రపు గాలికి విగ్గు నిలవదు. నవ్వు, పాట వేరే రికార్డు చేయాల్సిందే. ఆ సన్నివేశంలో సగం బలం ఎస్వీ రంగారావు నవ్వు, మాధవపెద్ది సత్యం గొంతే కదా!