ఆడవాళ్ళ ఆరోగ్యానికి ప్రభుత్వం ప్రత్యేకంగా నిధులు ఎందుకివ్వాలి? ఆసుపత్రులు అందరికీ ఒకటే కదా?

ఒకటే కాదండీ. మా పిన్ని సంగతి చెబుతాను.

మాది పల్నాడు. పిన్ని మిరపకాయలు కొయ్యడానికి కూలికి వెళ్ళేది. ముప్పై నాలుగో ఏట తెల్లబట్ట, నడుం నొప్పి మొదలయ్యాయి. మా పీహెచ్‌సీలో లేడీ డాక్టర్ లేరు. మగ డాక్టరుతో ఆ మాట చెప్పుకోలేక ఏడాది ఓర్చుకుంది. చివరికి ఊళ్ళో ఆర్ఎంపీ టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. స్కానింగ్ చేసి, "గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది. ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంకెందుకది?" అన్నారు. మూడో రోజుకల్లా బాబాయి ఆమె కమ్మలు తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించాడు.

ఏడాది తిరక్కుండా ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. సంక్రాంతి చలికి మేమంతా దుప్పట్లు కప్పుకుంటే, పిన్ని మెడకి తడి తువ్వాలు చుట్టుకుని వసారాలో వట్టి గచ్చు మీద పడుకునేది. నేనే గుంటూరు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ప్లాస్టిక్ కవర్లోని కాగితాలు తిరగేసి, "అండాశయాలు కూడా తీసేశారు, అందుకే ఈ ఆవిర్లు. మీకు చెప్పారా?" అని అడిగారు. పిన్ని నా వంక చూసి, "అవేంటమ్మా?" అంది. తీసిన సంచిలో క్యాన్సర్ ఉందో లేదో చూసే బయాప్సీ పరీక్ష రిపోర్టు కూడా లేదు. తెల్లబట్ట చాలావరకు మందులతో తగ్గేదేనని ఆవిడే చెప్పారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలోనూ దాదాపు అంతే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు మాత్రం దేశంలో వందకు ఇద్దరు కూడా లేరు. అది వెనిగర్ లాంటి ద్రవం రాసి చూసే పరీక్ష. శిక్షణ ఉన్న నర్సు చాలు, ఖర్చు పెద్దగా ఉండదు. క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టేవాళ్ళున్నారు కానీ ఆ పరీక్ష చేసేవాళ్ళు లేరు.

అనవసరంగా గర్భసంచులు తీసేయడంపై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వాటిని ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చెయ్యాలంది. ఆ కేసు బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల గురించి వేసింది. ఇన్ని ఆపరేషన్లు జరిగే మన రాష్ట్రాల పేర్లు అందులో ఎందుకు లేవో నాకిప్పటికీ మింగుడు పడదు. ఆడవాళ్ళ ఆరోగ్యమంటే మన నాయకులకు కాన్పు ఒక్కటే. కాన్పులైపోయిన మనిషి ఇక ఏ లెక్కలోనూ ఉండదు.

నేను అడిగేది పెద్ద పెద్ద భవనాలు కాదు. ప్రతి పీహెచ్‌సీకి వారానికి ఒక్కరోజైనా లేడీ డాక్టర్, ఆ క్యాన్సర్ పరీక్ష, మందులు. నలభై లోపు వాళ్ళకి గర్భసంచి తీస్తే, ఎందుకు తీశారో ప్రతి ఆసుపత్రీ రాసి ఇవ్వాలి. దీనికి ప్రత్యేకంగా డబ్బు కేటాయించకపోతే ఎవరూ చెయ్యరు.

పోయిన నెల మా వీధిలో ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయికి కూడా సంచి తీయించుకోమని చెప్పారు. పిన్ని తన కాగితాల కవరు పట్టుకుని వాళ్ళింటికెళ్ళి, "ముందు గుంటూరులో చూపించుకో తల్లీ, బస్సు ఖర్చులు నేనిస్తా" అని కూర్చుంది.