పాపకు మెడికల్ స్కూల్ మీటింగా? ముందు డబ్బు సంగతి తేల్చుకోండి

చెల్లెమ్మా,

మీ పాపకు వచ్చే నెల అక్కడ అమెరికాలో మెడికల్ స్కూల్ అడ్మిషన్స్ ఆఫీసర్‌తో అరగంట మీటింగు ఉందని రాశావు. ఏం వేసుకెళ్లాలి, ఏ సర్టిఫికెట్లు పట్టుకెళ్లాలి, నువ్వూ పక్కన కూర్చోవచ్చా అని అడిగావు. బట్టల సంగతి పాపకే వదిలెయ్. సర్టిఫికెట్లు ఒక్కటీ వద్దు. నువ్వు లోపలికి వెళ్లొద్దు. నువ్వు అడగని విషయం ఒకటుంది, అది డబ్బు. ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్లెవరూ దాన్ని ముందు అడగరు. 2013లో నేనూ అడగలేదు.

అప్పుడు మా అమ్మాయి కాలేజీలో రెండో ఏడు. నేను లావుపాటి ఫైలు తయారుచేశాను. మూడో క్లాసు స్పెల్లింగ్ బీ నుంచి హైస్కూల్ సైన్స్ ఫెయిర్ దాకా అన్నీ లామినేట్ చేయించి, వరసగా పెట్టాను. తెల్లవారుజామునే లేచి సున్నుండలు చుట్టి స్టీలు డబ్బాలో సర్దాను. పెద్దమనిషి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లడం మన ఇంటావంటా లేదు కదా. తీరా వెళ్తే ఆ అడ్మిషన్స్ ఆఫీసరమ్మ డబ్బా మూత కూడా తియ్యలేదు. ‘మేం ఏదీ తీసుకోకూడదండీ’ అని రెండు వేళ్లతో మెల్లగా నా వైపు జరిపింది. మా అమ్మాయి తల దించుకుంది.

ఆ తర్వాత ఆవిడ ‘డాక్టర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నావు?’ అని పిల్లను అడిగితే జవాబు నేను చెప్పాను. రెండో ప్రశ్నకీ నేనే చెప్పాను. మూడోసారి ఆవిడ కుర్చీ పూర్తిగా అమ్మాయి వైపు తిప్పుకుని కూర్చుంది. అప్పటికి పావుగంట అయిపోయింది. మిగిలిన పావుగంటలో ఆర్గానిక్ కెమిస్ట్రీ, హాస్పిటల్లో వాలంటీరు పని, మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ ఎప్పుడు రాస్తావు, ఇవే. ఈ రాష్ట్రంలోనే చదివావా అని అడిగితే అమ్మాయి అవునంది. ఇన్‌స్టేట్ కదా, ఫీజు తక్కువే అని మేం సంతోషంగా ఇంటికొచ్చాం. వీసా మాట ఆవిడా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

మరుసటి ఏడాది జూన్‌లో అప్లికేషన్ నింపుతూ, అమ్మాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ‘అమ్మా, నేను ఇంటర్నేషనల్ స్టూడెంటునా?’ అని. ఎనిమిదేళ్లప్పుడు వచ్చిన పిల్ల. తనది హెచ్4, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద పిల్లలకు 21 నిండేదాకా ఉండే వీసా. ఆ పేరు తెలుసుగానీ దాని అర్థం ఏమిటో తనకు తెలియదు. మేం చెప్పలేదు. గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాం, వచ్చేస్తుందిలే అనుకున్నాం. ఆ సెప్టెంబరులో 21 నిండాయి, హెచ్4 పోయి ఎఫ్1 అనే స్టూడెంట్ వీసాకు మారాల్సి వచ్చింది. 22 స్కూళ్లకు పంపితే అందులో 13 గ్రీన్‌కార్డు గానీ సిటిజన్‌షిప్ గానీ లేనివాళ్లను అసలు చూడనివే. ఫీజులే మూడు వేల డాలర్లు దాటాయి. ఒక్క సీటూ రాలేదు, ఒక ఏడాది పోయింది.

ఏ స్కూలు ఎవరిని తీసుకుంటుందో మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వాళ్ల ఎంఎస్‌ఏఆర్ అనే ఆన్‌లైన్ వివరాల పట్టికలో ఉంటుంది. కొంచెం డబ్బు కట్టి చూసుకోవాలి, ఆ పాటి ఖర్చుకు వెనకాడకు. చదవాల్సిన సబ్జెక్టులూ అందులోనే ఉంటాయి, నేను చెప్పక్కర్లేదు.

2016లో ఇంకో స్కూల్ ఆఫీసర్‌ను కలవడానికి వెళ్లినప్పుడు నేను పార్కింగ్‌లో కార్లోనే కూర్చున్నాను. అమ్మాయి చేతిలో ఒక్క కాగితం, దాని మీద తన చేతిరాతతో ఐదు ప్రశ్నలు. ఎఫ్1 వాళ్లను తీసుకుంటారా, నిరుడు నిజంగా ఎవరైనా చేరారా? ఫీజు డబ్బు ముందే చూపించమంటారా, ఎన్నేళ్లది, ఏ తేదీలోగా? మాలాంటివాళ్లకు స్కూలు సొంతంగా ఇచ్చే లోనుగానీ స్కాలర్‌షిప్‌గానీ ఉందా? మధ్యలో గ్రీన్‌కార్డు వస్తే ఏం మారుతుంది? హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్ష మార్కులు కెమిస్ట్రీ కింద లెక్కలోకి వస్తాయా? ఆఫీసర్ ఆ కాగితం తీసుకుని ఒక్కొక్కదాని పక్కన పెన్నుతో టిక్కు పెడుతూ జవాబు చెప్పారట. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఎస్క్రో అన్న మాట మాకు తెలిసింది ఆ రోజే. అంటే చాలా స్కూళ్లలో చేరకముందే ఒక ఏడాది ఫీజో, రెండేళ్లదో, కొన్నిచోట్ల నాలుగేళ్లదీ బ్యాంకులో వేసి చూపించాలి. మాకు రెండేళ్లది, లక్షా పది వేల డాలర్లు. ఎఫ్1 పిల్లలకు ప్రభుత్వ లోను రాదు. ప్రైవేటు లోను కావాలంటే చాలావరకు సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు గానీ హామీ సంతకం పెట్టాలి. ఎవరిని అడుగుతాం? పదేళ్లుగా కలిసి పండగలు చేసుకున్న ఇంటికి వెళ్లి అడిగాం. వాళ్లు ఆలోచించి చెబుతామన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, మా ఇంటికి రావడమూ తగ్గించారు. వాళ్లను తప్పు పట్టను. అంత అప్పుకు హామీ ఉండమని అడగడమే పెద్ద మాట.

చివరికి తెనాలిలో మామగారు ఇచ్చిన స్థలం అమ్మకానికి పెట్టాం. అక్టోబరులో బేరం కుదిరింది, నవంబరు 8న నోట్ల రద్దు వచ్చింది, కొనేవాళ్లు వెనక్కి పోయారు. మళ్లీ మార్చిలో గానీ రిజిస్ట్రేషన్ అవలేదు. మేం ఎన్నారైలం కాబట్టి కొన్నవాళ్లు టీడీఎస్ పట్టుకున్నారు. ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే అది తగ్గించే సర్టిఫికెట్ వస్తుందని ఆడిటరు తర్వాత చెప్పాడు. డబ్బు ఇండియాలో ఎన్నారైలకు ఉండే ఎన్‌ఆర్‌వో బ్యాంకు ఖాతాలో పడింది. అక్కణ్ణించి ఇక్కడికి రావాలంటే అప్పట్లో 15సీఏ, 15సీబీ అనే పన్ను ఫారాలు, బ్యాంకు చుట్టూ తిరుగుళ్లు. తక్కువపడిన దానికి మీ బావగారు 401కే అనే తన రిటైర్మెంట్ పొదుపు మీద లోను తీశారు. గడువుకు తొమ్మిది రోజుల ముందు మొత్తం జమ అయింది. ఆ మూడు నెలలు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. అయినా కట్టాం. 2021లో మా అమ్మాయి ఎండీ పట్టా అందుకుంది, ఇప్పుడు ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు. చివరికి ఎవరి హామీ సంతకమూ లేకుండానే గట్టెక్కాం.

మీ మరిది చెప్పినట్టు న్యూయార్క్‌లో ఫ్రీ మెడికల్ స్కూళ్లు ఉన్న మాట నిజమే. ఎన్‌వైయూ గ్రాస్‌మన్ 2018 నుంచి, ఐన్‌స్టీన్ 2024 నుంచి ట్యూషన్ తీసుకోవడం లేదు. కానీ న్యూయార్క్‌లో ఇంటద్దె, తిండి మనమే చూసుకోవాలి, సీటూ అంత సులువుగా రాదు. వాటిని నమ్ముకుని మిగతా లెక్క ఆపొద్దు. పాప చేరేలోగా మీకు గ్రీన్‌కార్డు వచ్చినా ధీమాగా ఉండకు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు చేసేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోను లేదు. మెడిసిన్‌కు ప్రభుత్వ లోను ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000 వరకే. ఆ పైన కావాల్సిన మొత్తం ఆ స్కూలు పిల్లలు ఎక్కణ్ణించి తెచ్చుకుంటున్నారని ఆఫీసర్‌ను అడగమను. అది అడగడం నామోషీ కాదు, వాళ్లు రోజూ వినే ప్రశ్నే.

కాబట్టి ఈ శనివారం మీ ఆయనా నువ్వూ పాపను కూర్చోబెట్టుకుని వీసా ఎప్పటిదాకా ఉంది, 21 ఎప్పుడు నిండుతాయి, చేతిలో ఎంత ఉంది, ఊళ్లో ఏముంది, అన్నీ చెప్పండి. చిన్నపిల్ల, టెన్షన్ పడుతుందని దాచొద్దు. మేం దాచడం వల్లే ఆ రాత్రి ఫోన్ వచ్చింది. ప్రశ్నలు పాపనే తన చేత్తో రాసుకోనివ్వు. నువ్వు దిద్దకు.

మీ గుంటూరు స్థలం మీ అత్తగారి పేరున ఉందా, మీ ఆయన పేరున ఉందా? ఇవాళే ఫోన్ చేసి కనుక్కో. పాస్‌బుక్కూ దస్తావేజులూ ఫొటో తీసి పంపమను.