సాకెట్ డాక్యుమెంటేషన్ సరిచేస్తూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. సి లాంగ్వేజ్‌లో సాకెట్ ప్రోగ్రామింగ్ (నెట్‌వర్క్ మీద ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా రాయడం) ఇష్టం. లైనక్స్ మాన్ పేజీల్లో (ఏ కాల్ ఏం చేస్తుందో చెప్పే మాన్యువల్) కొన్నిచోట్ల ఎంత చదివినా స్పష్టత రావడం లేదు, వాటిని సరిచేసి పంపాలనుంది. ఫ్రెండ్సేమో టైమ్ వేస్ట్, వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకో అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: టైమ్ వేస్ట్ ఏమీ కాదు. కాకపోతే కామాలు, స్పెల్లింగులు దిద్ది పంపితే మీకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) నిజంగా ఏం చేస్తుందో ప్రోగ్రామ్ రాసి చూసి, పేజీలో ఉన్నదానికీ దానికీ తేడా ఉంటే అప్పుడు రాయండి.

ఉదాహరణకి డేటా అందుకునే రిసీవ్ కాల్ సున్నా ఇచ్చిందంటే అవతలివాళ్లు కనెక్షన్ మూసేశారని చాలామంది బట్టీ పట్టేస్తారు. కనెక్షన్ పెట్టుకుని డేటా పంపే టీసీపీలో సాధారణంగా అది నిజమే, కానీ కనెక్షన్ లేకుండా విడివిడి ప్యాకెట్లు పంపే యూడీపీలో డేటా ఏమీ లేని ఖాళీ ప్యాకెట్ వచ్చినా సున్నాయే వస్తుంది, అసలు మీరే సున్నా బైట్లు అడిగినా సున్నా రావచ్చు. ఈ మూడూ పేజీలోనే ఉన్నాయి, ఓపిగ్గా చివరిదాకా చదివేవాళ్లే తక్కువ!

సర్వర్‌ని కనెక్షన్లకు సిద్ధం చేసే లిజన్ కాల్‌లో బ్యాక్‌లాగ్ (యాక్సెప్ట్ చేసేదాకా క్యూలో ఆగగల కనెక్షన్ల సంఖ్య) ఇంకా తమాషా. మీరు 10000 అని ఇచ్చినా సోమాక్స్‌కాన్ అనే సెట్టింగ్ దగ్గర కెర్నల్ చప్పుడు చేయకుండా కోసేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. దాని డిఫాల్ట్ చాలాకాలం 128 ఉండేది, లైనక్స్ 5.4 నుంచి 4096 అయింది. పాత పుస్తకం చూసి రాసినవాడూ కొత్త మెషీన్ మీద నడిపినవాడూ వాదించుకునేది ఇలాంటి వాటి దగ్గరే. మీరు చిన్న సర్వర్ రాసి, యాక్సెప్ట్ చేయకుండా వదిలేసి, క్లయింట్లను ఒక్కొక్కటిగా కలుపుతూ పక్కన టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లు చూపేది), ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏమేం అడుగుతోందో చూపేది) పెట్టుకుని చూడండి. ఆ టెస్ట్ ప్రోగ్రామ్, దాని అవుట్‌పుట్, మీరు మార్చమన్న రెండు వాక్యాలు, ఈ మూడూ కలిపి ఒక లింక్‌గా రెజ్యూమెలో పెడితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాని మీదే ప్రశ్నలు అడుగుతారు, అవి మీకు బాగా తెలిసిన ప్రశ్నలు. ఉత్తినే ‘ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. రౌటర్లు, ఫైర్‌వాల్స్, టెలికాం, క్లౌడ్ నెట్‌వర్కింగ్, ఎంబెడెడ్ వైపు ఈ నైపుణ్యం కావాలి గానీ ఫ్రెషర్లకు వెబ్‌లో ఉన్నన్ని ఓపెనింగ్స్ ఇక్కడ ఉండవు. అందుకని సి తో పాటు పైథాన్ వదలకండి, ఈపోల్ (ఒకేసారి చాలా కనెక్షన్లను గమనించే పద్ధతి), టైమ్-వెయిట్ (మూసేశాక టీసీపీ కనెక్షన్ కాసేపు ఆగే స్థితి) లాంటివి కాగితం మీద గీసి చెప్పగలిగేలా చూసుకోండి. టెక్నికల్ రైటర్ అవ్వడమూ మంచి దారే, కానీ నా లెక్కలో ముందు రెండు మూడేళ్లు కోడ్ రాసి తర్వాత అటు వెళ్తే ఇంజినీర్లు మీ మాట వింటారు.

ఇక పంపే పద్ధతి. మాన్ పేజీల ప్రాజెక్టుకి ప్యాచ్‌లు (మీరు చేసిన మార్పుల ఫైళ్లు) ఈమెయిల్‌లో వెళ్తాయి, ఒక ప్యాచ్‌లో ఒక్క మార్పే ఉండాలి. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఏం చెప్తోంది, లైనక్స్ ఏం చేస్తోంది అన్నది విడివిడిగా రాయండి. రివ్యూలో తిప్పి పంపితే టెన్షన్ పడొద్దు, అది మామూలే. పంపేముందు మాత్రం ప్రాజెక్టు గిట్‌లో (మార్పులన్నీ దాచే చోటు) తాజా పేజీ చూడండి, మీ మెషీన్‌లో ఉన్నది పాతది కావచ్చు, మీరు పట్టుకున్న తప్పు అక్కడ ఈపాటికే దిద్దేసి ఉండొచ్చు.